సైకిల్ వాటర్ బాటిల్ ఏది కొనాలి, కొన్నాక ఎలా కడగాలి

సైకిల్‌కి బాటిల్ కొనేటప్పుడు అందరూ ముందు రంగు చూస్తారు, తర్వాత ఎన్ని నీళ్ళు పడతాయో చూస్తారు, కాస్త తెలిసినవాళ్ళయితే బరువెంత అని కూడా అడుగుతారు. మూత విప్పి దాన్ని తిరగేసి లోపల సందులు ఎలా ఉన్నాయో చూసేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. నన్నడిగితే మొదట చూడాల్సింది అదే. కారడం, కంపు కొట్టడం, బూజు పట్టడం, ఈ మూడూ ఎక్కువగా మూత దగ్గరే మొదలవుతాయి. కింద ఉండే ప్లాస్టిక్ గొట్టం పాపం ఏ కంపెనీదైనా పెద్ద తేడా ఉండదు, బ్రష్ పెట్టి నాలుగు తిప్పులు తిప్పితే శుభ్రమైపోతుంది. అందుకే ఇక్కడ రకాలన్నీ పోల్చి చెప్తాను గానీ ప్రతిదానికీ నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇది పూర్తిగా విప్పి కడిగేలా ఉందా లేదా.

అంతకంటే ముందు కేజ్, అంటే సైకిల్ మీద బాటిల్‌ని పట్టి ఉంచే చట్రం, దాని సంగతి చూస్కోండి. ఫ్రేమ్ మీద స్క్రూలతో బిగించే కేజ్‌లు ఎక్కువ శాతం అడ్డంగా 73, 74 మిల్లీమీటర్లు ఉండే బాటిల్ కోసమే చేస్తారు. సైక్లింగ్ బాటిళ్ళ నడుం దగ్గర ఒక గాడి ఉంటుంది చూశారా, కేజ్‌కి ఉన్న చిన్న పన్ను ఆ గాడిలో పడి పట్టుకుంటుంది, అందుకే గతుకుల్లో కూడా ఎగిరిపోదు. మామూలు నీళ్ళ బాటిల్ సన్నగా ఉంటుంది కాబట్టి గలగలలాడుతూ ఎక్కడో ఒక గుంత దగ్గర రోడ్డు మీద పడిపోతుంది, వెనకొచ్చేవాళ్ళ చక్రం కింద పడితే ఇంకా ప్రమాదం. జిమ్ కోసం చేసిన సిప్పర్లు లావుగా ఉండి అసలు దూరవు. ఫ్రేమ్ చిన్నదైతే ఇంకో తిప్పలు, 750 మిల్లీలీటర్ల పొడుగు బాటిల్‌ని సీటు కింద గొట్టానికి పెడితే పైకి లాగేటప్పుడు మూత పై గొట్టానికి తగులుతుంది. అలాంటప్పుడు బాటిల్‌ని పక్కనుంచి లాగే సైడ్ కేజ్ తీస్కోవాలి, లేదా హ్యాండిల్ దగ్గర్నుంచి పెడళ్ళ వైపు వాలుగా దిగే కింది గొట్టానికి పెద్దది, సీటు గొట్టానికి 500 లేదా 550ది పెట్టుకోవాలి.

ఎంత సైజు కావాలి అనేదానికి లెక్క సులువే. మోస్తరు వేడిలో గంటకి అర లీటరు చొప్పున తాగుతాం అనుకోండి, ఎండ మండిపోతుంటే ముప్పావు లీటరు, కొందరికి అంతకంటే ఎక్కువే పడుతుంది. గంట, గంటంపావు తొక్కి ఇంటికొచ్చేసేవాళ్ళకి ఒక్క 600 చాలు. మూడు నాలుగు గంటలు తిరిగేవాళ్ళకి రెండు 750లు, దార్లో నింపుకునే చోటు ఒకటి ఉండాలి. 950 మిల్లీలీటర్ల బాటిళ్ళు కూడా దొరుకుతాయి గానీ నిండుగా ఉన్నప్పుడు దాదాపు కిలో బరువు ఒక్క సన్నటి కేజ్ మీద వేలాడుతుంది, రోడ్డు బాలేకపోతే కేజ్ స్క్రూలు వదులవుతాయి, అప్పుడప్పుడు బిగించుకోవాలి.

ఇప్పుడు రకాల్లోకి వద్దాం. మొదటిది మామూలు స్క్వీజ్ బాటిల్, అంటే చేత్తో నొక్కితే నీళ్ళు చిమ్మేది. చాలావరకు ఎల్‌డీపీఈ అనే మెత్తటి ప్లాస్టిక్‌తో చేస్తారు, అడుగున త్రికోణంలో 4 అని ఉంటుంది, కొంచెం గట్టిగా ఉండేవి 5 నంబరువి, అంటే పాలీప్రొపిలీన్. బీపీఏ, అంటే కొన్ని ప్లాస్టిక్‌లలోంచి నీళ్ళలోకి దిగే రసాయనం, దాని గురించి భయపడేవాళ్ళకి ఒక మాట, అది వచ్చేది ముఖ్యంగా పాలీకార్బొనేట్ అనే గట్టి గాజులాంటి ప్లాస్టిక్ నుంచి, నొక్కితే లొంగే ఈ బాటిళ్ళలో దాన్ని వాడరు. వీటితో ఉన్న చిక్కల్లా కొత్తలో ప్లాస్టిక్ రుచి, ఎండలో గంటలో నీళ్ళు గోరువెచ్చనైపోవడం. ఈ రెండూ భరించగలిగితే సగం మందికి పైగా ఇదే సరిపోతుంది, మొహమాటం లేకుండా చెప్తున్నా. తేలిక, చవక, నోరు వెడల్పు, చెయ్యి పట్టకపోయినా బ్రష్ పడుతుంది. ఎలైట్ కంపెనీ వాళ్ళ ఫ్లై లాంటివి మరీ తేలిక, గోడ కూడా పల్చగా ఉంటుంది, వేళ్ళతో కొంచెం నొక్కినా నీళ్ళు చిమ్ముతాయి. స్పెషలైజ్డ్ వాళ్ళ ప్యూరిస్ట్‌లో లోపల గాజులాంటి సిలికా పూత ఉంటుంది, రుచీ వాసనా ప్లాస్టిక్‌కి అంటుకోకుండా. పూత పనిచేసేదే, కానీ గట్టి బ్రష్‌తో గీకితే ఆ డబ్బులు దండగే, మెత్తటి స్పాంజి వాడాలి.

రెండోది ఇన్సులేటెడ్ స్క్వీజ్ బాటిల్, క్యామెల్‌బాక్ పోడియం చిల్, పోలార్ లాంటివి. రెండు పొరల గోడ, మధ్యలో గాలో రేకో ఉంటుంది. చల్లటి నీళ్ళు మామూలు బాటిల్ కంటే ఎక్కువసేపు చల్లగా ఉంటాయి, కానీ ఫ్లాస్క్ అనుకుని కొనకండి, మండుటెండలో ఇది తెచ్చిపెట్టేది ఓ గంటా రెండు గంటల తేడా. పైగా కేజ్ సైజు మారదు కాబట్టి ఆ పొర మందమంతా లోపలి చోటునే తినేస్తుంది, బయటికి పెద్దగా కనిపించే బాటిల్‌లో 620 మిల్లీలీటర్లే పడతాయి. నొక్కడానికి కూడా కొంచెం గట్టి, చలిలో చేతులు బిగుసుకుపోయినప్పుడు ఇది బాగా తెలుస్తుంది. ఇంకోటి, కింద పడి పగిలి రెండు పొరల మధ్యలోకి నీళ్ళు చేరితే ఇక అది ఎండదు, కడగడానికీ దారి ఉండదు, ఊపితే గుడగుడ వినిపిస్తుంది. అలాంటిది పారేయడమే. ఐసు వేసుకునే అలవాటుంటే మాత్రం ఇదే తీస్కోండి, చల్లగా ఉంటే ఇంకో నాలుగు గుక్కలు ఎక్కువ తాగుతాం, ఎండలో అదే కదా కావాల్సింది. ఇది లేకుండా పని నడిపేవాళ్ళు మామూలు బాటిల్‌లో సగం నీళ్ళు పోసి రాత్రి ఫ్రీజర్‌లో పడుకోబెట్టి, పొద్దున మిగతా సగం చల్లటి నీళ్ళతో నింపుకుంటారు. నిండా పోసి గడ్డకట్టిస్తే ఉబ్బి పగులుతుంది, సగమే పోయండి.

స్టీలు బాటిల్ సంగతి. ఆఫీసుకి సైకిల్ మీద వెళ్ళి అక్కడ కూర్చుని తాగేవాళ్ళకి బ్రహ్మాండం. రుచి మారదు, వాసన పట్టదు, మరిగే నీళ్ళు పోసి కడిగినా ఏమీ కాదు, వాక్యూమ్ ఫ్లాస్క్ రకమైతే సాయంత్రం దాకా ఐసు కరగదు. తొక్కుతూ తాగడానికి మాత్రం పనికిరాదు. నొక్కలేం కదా, తల వెనక్కి వాల్చి బాటిల్ ఎత్తి పట్టుకోవాలి, అంతసేపు రోడ్డు మీంచి చూపు పోతుంది. స్ట్రా మూత పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది గానీ అప్పుడు ఆ స్ట్రా గొట్టం కడగడం ఇంకో కొత్త పని. బరువు కూడా చూడండి, వాక్యూమ్ స్టీలు బాటిల్ ఖాళీగానే మూడు నాలుగు వందల గ్రాములు తూగుతుంది, ప్లాస్టిక్‌ది వంద లోపే. పైగా గతుకుల్లో టకటకా మోత, కార్బన్ కేజ్ మీద గీతలు. అల్యూమినియంవి తేలికే కానీ వాటికి లోపల ఒక లైనింగ్ పూస్తారు, లోహం నీళ్ళకి తగలకుండా. అది గీరుకుపోతే పుల్లటి డ్రింకులు పోయడం మానేయాలి, స్టీలు పీచు అసలు తగలనివ్వకూడదు.

నాలుగోది వీపున తగిలించుకునే హైడ్రేషన్ బ్యాగ్, లోపల లీటరున్నర నుంచి మూడు లీటర్ల తిత్తి, దాన్నుంచి నోటిదాకా గొట్టం. కొండదారుల్లో రాళ్ళమీద తొక్కేవాళ్ళు హ్యాండిల్ వదల్లేరు, బాటిల్ అందుకునే వీలుండదు, సస్పెన్షన్ ఉన్న కొన్ని ఫ్రేములకి కేజ్ పెట్టే చోటే ఉండదు. వాళ్ళకి ఇది తప్పదు. మిగతావాళ్ళు కొనేముందు ఒకసారి ఆ గొట్టం పొడుగు చూసి, దాని లోపలికి ఏం దూర్చి కడుగుతారో ఆలోచించుకోండి. విడిగా సన్నటి తీగ బ్రష్ కొనాలి, తిత్తిని గోడలు అతుక్కోకుండా తెరిచి వేలాడదీయాలి, అది ఆరడానికి ఒక రోజు పడుతుంది. బద్ధకస్తుల సరుకు మాత్రం కాదు. అంతగా వాడితే అందులో మంచినీళ్ళు తప్ప ఇంకేమీ పోయకండి, చక్కెర డ్రింకు పోశారంటే ఆ గొట్టం మీ చేతుల్లో లేనట్టే.

సరే, ఇప్పుడు మూతలు. ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను. పాతకాలం నుంచి ఉన్నది లాగి తీసి నొక్కి మూసే పుష్ పుల్ నాజిల్. పళ్ళతో లాగాలి, కొందరికి అది నచ్చదు, మూయడం మర్చిపోతే బ్యాగంతా తడుస్తుంది. కానీ దాన్లో ఉండేది రెండు ముక్కలే, చాలా మోడళ్ళలో పై ముక్కని గట్టిగా లాగితే ఊడొచ్చేస్తుంది, కడిగి మళ్ళీ నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. రెండోది సిలికాన్ వాల్వ్, నొక్కినప్పుడే తెరుచుకుని వదలగానే దానంతటదే మూసుకుంటుంది, పోడియం రకం మూతలివే. తాగడానికి ఇంతకంటే హాయి లేదు, దేన్నీ లాగక్కర్లేదు, తిరగేసినా కారదు. చిక్కు ఎక్కడంటే ఆ వాల్వ్ పెదాల మధ్య ఎప్పుడూ ఒక చుక్క నీళ్ళు ఇరుక్కుని ఉంటాయి, తాగిన ప్రతిసారీ ఉమ్మి కూడా కొంచెం చేరుతుంది. పైనుంచి చూస్తే తళతళా ఉంటుంది, నాజిల్ పీకి వెలుతురుకి పట్టి చూస్తే చీలిక చుట్టూ సన్నటి నల్ల గీత కనిపిస్తుంది, గోరుతో గీకితే జిగటగా వస్తుంది. అదే బూజు. అందుకని సిలికాన్ వాల్వ్ కొనొచ్చు, నిరభ్యంతరంగా కొనండి, కానీ ఆ నాజిల్ మూత నుంచి ఊడొస్తుందో లేదో షాపులోనే పీకి చూడండి, దానికి విడి నాజిల్ అమ్ముతారో లేదో కూడా అడగండి. ఊడి రాని వాల్వ్ ఉన్న బాటిల్ ఎంత అందంగా ఉన్నా నేనైతే తీస్కోను.

నాజిల్ మీద టోపీలా మూసే డస్ట్ కవర్ కూడా కొన్నిటికి ఉంటుంది. మట్టిరోడ్ల మీద, పశువులు తిరిగే దారుల్లో తొక్కేవాళ్ళకి ఇది సోకు సామాను అనుకోవద్దు. ముందు చక్రం ఎగజిమ్మే బురద నేరుగా కింది గొట్టం మీదున్న బాటిల్ నోటి మీదే పడుతుంది, ఆ బురదలో పేడ కూడా ఉండొచ్చు. 2007లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక మౌంటెన్ బైక్ రేసు తర్వాత చాలామందికి విరేచనాలు పట్టుకున్నాయి, ఆరా తీస్తే క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా అని తేలింది, దారిలో బురద నోట్లోకి పోవడమే కారణమన్నారు. కవర్ లేకపోతే తాగేముందు మొదటి గుక్కని రోడ్డు మీదకి చిమ్మేసి నాజిల్ కడుక్కుని తర్వాత తాగండి, ఎన్ని నీళ్ళు పోతాయి గనక.

ప్రొఫెషనల్ రేసుల్లో వాళ్ళు వాడేవే మేమూ వాడతాం అనేవాళ్ళకి చిన్న మాట. వాళ్ళు బాటిల్ కడుక్కోరు. తాగేసి పారేస్తారు, టీమ్ కారు ఇంకోటి ఇస్తుంది. ఆ పారేయడం మీద కూడా 2021 నుంచి యూసీఐ, అంటే సైకిల్ రేసుల అంతర్జాతీయ సంస్థ, గట్టి రూలు పెట్టింది, చెత్త వేయడానికి కేటాయించిన చోటు కాకుండా ఎక్కడంటే అక్కడ విసిరితే శిక్ష. ఆ ఏడాది బెల్జియంలో జరిగే టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ రేసులో మైకేల్ షార్ అనే స్విస్ రైడర్‌ని, రోడ్డు పక్కన నిలబడ్డ అభిమానుల వైపు బాటిల్ విసిరినందుకు రేసు నుంచే పంపించేశారు, పెద్ద గొడవైంది. సంగతేమిటంటే ఒక్క రోజు వాడి వదిలేసేవాళ్ళ బాటిల్‌కి, ఏళ్ళ తరబడి వాడుకునే మన బాటిల్‌కి కావాల్సిన గుణాలు వేరు.

ఇక కడగడం. దీన్లో రహస్యం ఏమీ లేదు, టైము మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఇంటికి రాగానే, బూట్లు విప్పకముందే అనుకోండి, మిగిలింది పారబోసి వేడినీళ్ళతో తొలిచేస్తే ముప్పావు పని అయిపోయినట్టే. ఎలక్ట్రోలైట్ పొడో గ్లూకోజో కలిపిన నీళ్ళు అడుగున రెండు గుటకలు మిగిలి రాత్రంతా మూత బిగించి ఉంటే పొద్దుటికి గోడకి జిగట పడుతుంది, ఆ జిగట ఒకసారి పట్టాక ఊరికే నీళ్ళతో పోదు, రుద్దాల్సిందే. ఇందుకే రెండు బాటిళ్ళున్నవాళ్ళు ఒకటి ఎప్పటికీ మంచినీళ్ళకే, రెండోది డ్రింకుకే అని రంగు చూసి గుర్తుపెట్టుకుంటే మంచిది. మంచినీళ్ళది ఏళ్ళు గడిచినా వాసన రాదు, మీరే చూస్తారు.

రోజువారీ పద్ధతి ఇదీ. గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, పొడుగు బ్రష్. గోడలు రుద్దాక అందరూ ఆపేస్తారు, అక్కడే మిగిలిపోతుంది అసలు పని. మూత బిగించి బాటిల్‌ని బోర్లించి ఆ సబ్బు నీళ్ళన్నీ నాజిల్ గుండానే బయటికి నొక్కండి, వాల్వ్ లోపలి దారి కడగడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు. తర్వాత మూత తీసి మరల్లో, అంటే బిగించే గాడుల్లో, పాత టూత్‌బ్రష్ తిప్పండి. మూత లోపల రబ్బరు వాషర్ ఉంటే వారానికోసారైనా చెంచా కాడతోనో వేలితోనో పైకి లేపి దాని కింద తుడవండి, సూదీ కత్తీ పెట్టకండి, చిన్న గాటు పడ్డా అక్కణ్ణుంచే కారుతుంది. మంచినీళ్ళతో బాగా తొలిచాక బాటిల్, మూత, నాజిల్ మూడూ విడివిడిగా ఆరాలి. కొందరు కడిగిన బాటిల్‌ని గట్టు మీద బోర్లా పెట్టేస్తారు, నోరు గట్టుకి అతుక్కుని లోపల ఆవిరి అలాగే ఉండిపోతుంది, బూజుకి కావాల్సింది అదే. ఏదన్నా స్టాండు మీదో గిన్నెల బుట్టలోనో గాలి ఆడేలా ఏటవాలుగా పెట్టండి. పూర్తిగా ఆరేదాకా మూత బిగించొద్దు.

వాసన పట్టిందా, రెండు చెంచాల వంటసోడా వేసి గోరువెచ్చటి నీళ్ళు నింపి రాత్రంతా వదిలేయండి. గట్టినీళ్ళ వల్ల తెల్లటి పొర కట్టిందా, ఒక వంతు వెనిగర్‌కి నాలుగు వంతుల నీళ్ళు కలిపి గంట నానబెట్టండి. ఈ రెండూ కలిపి బుసబుసా పొంగించే వీడియోలు తెగ తిరుగుతుంటాయి, చూడ్డానికి బాగుంటుంది గానీ సోడా, వెనిగర్ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్, చివరికి మిగిలేది ఇంచుమించు ఉప్పునీళ్ళ లాంటి సోడియం అసిటేట్ నీళ్ళు. విడివిడిగా వాడితేనే దేని పని అది చేస్తుంది. కట్టుడు పళ్ళు శుభ్రం చేసే బిళ్ళలు కూడా బాగా పనిచేస్తాయి, ముఖ్యంగా హైడ్రేషన్ బ్యాగ్ గొట్టానికి, బ్రష్ అందని చోటికి ఆ బుడగలు వెళ్తాయి.

నల్లమచ్చల బూజు కనిపిస్తే మాత్రం ఇవన్నీ చాలవు. సువాసన కలపని మామూలు ఇంటి బ్లీచ్ ఒక టీస్పూన్, లీటరు నీళ్ళలో కలిపి, విప్పిన నాజిల్‌నీ మూతనీ బాటిల్‌నీ ఓ పది నిమిషాలు నానబెట్టి, వాసన పోయేదాకా కడిగి ఆరబెట్టండి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ ఇంకే క్లీనర్ గానీ కలపొద్దు, క్లోరిన్ లాంటి విషవాయువు వస్తుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం, కిటికీ తెరిచి పెట్టుకుని చేయండి. స్టీలు బాటిల్‌కి బ్లీచ్ వద్దు, లోహాన్ని తినేస్తుంది, దానికి మరిగే నీళ్ళే చాలు. ఇంత చేసినా సిలికాన్‌లో నల్ల చార పోలేదంటే బూజు లోపలికి దిగిపోయినట్టే, నాజిల్ మార్చేయండి.

స్టీలు పీచు, గరుకు స్క్రబ్బర్ ప్లాస్టిక్ మీద వాడొద్దు, ఒక్కో గీతా జిగట దాక్కునే కొత్త చోటు. మరిగే నీళ్ళు మెత్తటి ప్లాస్టిక్‌లో పోస్తే ఆకారం మారి కేజ్‌లో బిగుసుకుపోతుంది, లేదా మూత సరిగ్గా కూర్చోదు. డిష్‌వాషర్‌లో పెట్టొచ్చని రాసి ఉంటేనే పెట్టండి, అదీ పై అరలోనే. ఫ్రీజర్‌లో దాస్తే క్రిములు చస్తాయంటారు, చావవు, పెరగడం ఆగుతుందంతే, అందుకే హైడ్రేషన్ తిత్తిని కడిగి ఫ్రీజర్‌లో పెట్టుకునేవాళ్ళది తెలివైన పనే గానీ కడగకుండా పెడితే ఉపయోగం లేదు.

ఇప్పుడు ఎవరికి ఏది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళూ, పొద్దున్నే గంట తొక్కేవాళ్ళూ: 600 లేదా 750 మామూలు స్క్వీజ్ బాటిల్, పుష్ పుల్ మూత, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఎండలో దూరాలు పోయేవాళ్ళు: ఒకటి ఇన్సులేటెడ్, ఊడొచ్చే సిలికాన్ వాల్వ్‌తో, మంచినీళ్ళకి, రెండోది మామూలుది డ్రింకుకి. ఇన్సులేటెడ్‌ని డ్రింకుకి వాడాలనిపిస్తుంది చల్లగా ఉంటుందని, కానీ చాలావాటికి లోపల కనిపించదు, జిగట పట్టినా తెలీదు, పారదర్శకంగా ఉన్నదాన్లో డ్రింకు పోస్తే లోపలేముందో వెలుతురుకి పట్టి చూస్తేనే తెలిసిపోతుంది. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు: కేజ్‌లో పట్టే సన్న స్టీలు ఫ్లాస్క్, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తాగండి. కొండదారులవాళ్ళు: ఫ్రేమ్‌లో చోటుంటే డస్ట్ కవరున్న బాటిల్, లేకపోతే బ్యాగ్. పిల్లల సైకిల్‌కి చిన్న కేజ్‌లో పట్టేది, నొక్కితే తేలిగ్గా లొంగేది చూడండి, వాళ్ళ వేళ్ళకి పెద్దవాళ్ళ బాటిల్ గట్టి.

ఒకే కంపెనీవి, ఒకే సైజు మూతవి రెండు తీస్కుంటే ఇంకో లాభం, ఒక మూత పోయినా, నాజిల్ చిరిగినా రెండోదాన్లోంచి తీసి పెట్టుకోవచ్చు. ఇక బాటిల్ ఎప్పుడు మార్చాలంటే, సోడా పెట్టి నానబెట్టాక కూడా మర్నాడు మూత తీయగానే వాసన వస్తుంటే, అడుగున తెల్లగా పగుళ్ళ గీతలు కనిపిస్తుంటే, లేదా మూత ఎంత బిగించినా మర దగ్గర చెమర్చుతుంటే మార్చేయండి. మూత ఒక్కటే పాడైతే విడి మూత దొరుకుతుందేమో ముందు అడగండి, చాలా కంపెనీలు అమ్ముతాయి.